ఇరవై మూడో పేరు

"మధ్య పేజీ లేదు" అన్నాడు పరమేశ్వర్.

సుమన వినిపించుకోనట్టు పొయ్యి మీది పాలగిన్నె దించింది. ఆయన మూడు పేపర్లూ సోఫా మీద పరచుకుని, ఎర్ర పెన్ను చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఆ ఇంట్లో పేపరు ఆయన చదివాకే మిగతావాళ్ళది. జిల్లా పేజీలో ఎంత చిన్న వార్తనూ వదలడు.

"ఏ పేజీ?" అంది చివరికి.

"జిల్లా పేజీ. బోధన్ వార్తలుండేది."

"డబ్బా కింద పరిచిన."

"ఏ డబ్బా?"

"అటుకుల డబ్బా."

"అటుకులు పోయిన శుక్రారమే అయిపోయినయ్. డబ్బా కడిగి బోర్లిచ్చినవ్. ఇగ దాని కింద కాయితమెందుకు?"

సుమన పట్టకారు గట్టు మీద పెట్టింది. చప్పుడు కొంచెం ఎక్కువే అయింది.

"ఒక్క కాయితానికి గింత ఎంక్వైరీనా? ఇయ్యాల అది చదవకుంటె జిల్లా మునుగుతదా?"

"మునుగుతదని కాదు. నేను లేచేసరికే పేపర్ మడత ఇప్పి ఉన్నది. బావ గదిలకెల్లి బయటికి రాలే. శ్రీవాణి ఇప్పుడే లేచింది. మరి ఇప్పిందెవరు?"

శ్రీవాణి జడ వేసుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. వాళ్ళుండే నిజామాబాద్ కంఠేశ్వర్‌లోనే ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఉద్యోగం. ఎనిమిదింటికల్లా వెళ్ళి రక్తం శాంపిళ్ళు తీయాలి.

"డాడీ, పేపర్ మిస్సింగ్ కేసు గూడ నీకే అప్పజెప్పిండ్రా?" అంది.

ఎవరూ నవ్వలేదు.

సుమన బియ్యం డబ్బా మూత తెరిచి, నాలుగు మడతలు పెట్టిన కాగితాన్ని తీసి ఆయన ఒళ్ళో పడేసింది. ముందు గది వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఆ ఫోటో అన్న కంట్ల పడొద్దని దాచిన. సూసుకోండ్రి. ఎర్ర గీత గీసుకోండ్రి."

ఆలస్యంగా వేసిన ఆ ఫోటోలో, పోయిన ఆదివారం నాటి బోధన్ ఫంక్షన్ హాలు. వేదిక మీద రెండు వరుసల్లో నిలబడ్డ మనుషులు, మెడల్లో శాలువాలు, చేతుల్లో ఉద్యమకారుల గుర్తింపు కార్డులు. మధ్యలో పోశయ్య, అన్నతో ఫ్యాక్టరీలో చేసినవాడు.

పరమేశ్వర్ పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు. ఎక్కడ పదిమంది కనబడ్డా తలలు లెక్కపెట్టడం ఆయనకు అలవాటు. శ్రీవాణి మొదటి పుట్టినరోజున ఆఖరి చుట్టం గడప దాటగానే ఆయన అన్న మాట "రెండువందల పద్దెనిమిది". అలసిపోయి కూర్చున్న సుమనకు ఆ అంకె ఎందుకో ఇప్పటికీ గుర్తుంది.

"ఇరవై ఇద్దరు" అన్నాడు, ఎవరితోనో కాకుండా.

ఆ అంకె ఆమెకూ తెలుసు. రావాల్సింది ఇరవై మూడు.

*

ఇరవై మూడోవాడు ముందు గదిలో, గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

భీమన్న నిద్రపోవడం లేదని చెల్లెలికి తెలుసు. నిద్రపోతే ఆయనకు గురక వస్తుంది. ఆరు రోజులుగా ఇంట్లో గురక వినబడలేదు.

పోయిన ఆదివారం సాయంత్రం, కార్డులు పంచిన సభ నుంచి నేరుగా, చేతిలో సంచి కూడా లేకుండా బోధన్‌లో బస్సెక్కి వచ్చాడు. చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు ఫిట్టరుగా చేసిన మనిషి. భార్య వసంతమ్మ పోయి మూడేళ్ళు. పధ్నాలుగేళ్ళ కింద, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన రోజుల్లో, రైలు పట్టాల మీద కూర్చోవడానికి ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి ఇరవై ముగ్గురు సిద్ధమయ్యారు. తెల్లారితే బయల్దేరాలి. తెల్లారకముందే పోలీసులు వచ్చి ఇరవై ఇద్దరిని ఇళ్ళ నుంచే తీసుకుపోయారు. పదకొండు రోజులు జైలు. మిగిలినవాడు భీమన్న. ఆ రోజు ఒక్కడే వెళ్ళి పట్టాల మీద కూర్చున్నాడు. ఒక్కడి కోసం ఎవరూ కేసు రాయలేదు. ఆగడానికి ఆ పూట రైలూ రాలేదు.

ఆ ఇరవై ఇద్దరికీ ఇప్పుడు కార్డులొచ్చాయి. తనకు రాకపోతే పోనీ అని అన్న అనుకునేవాడే. కాని వేదిక దిగుతూ పోశయ్య అందరి ముందూ ఒక మాటన్నాడట. "భీమన్న జైలుకెందుకు పోలేదో భీమన్ననే అడుగుండ్రి."

ఆ ఒక్క మాట చెల్లెలికి చెప్పి పడుకున్నవాడు, మళ్ళీ నోరు విప్పలేదు. పిలిస్తే వస్తాడు, పెడితే తింటాడు.

కేసు కాగితం లేనివాళ్ళు, జైలుకు పోయినవాళ్ళలో ముగ్గురి సంతకాలు తెస్తే చాలని రూలు ఉంది. మంగళవారం ఆఖరు. భీమన్న దరఖాస్తు దిండు కిందే ఉంది. సంతకాల చోట మూడు ఖాళీ గీతలు. ఎవరన్నా ఒక మాట సాయం చేయకూడదా అని సుమన ఈ వారంలో మూడుసార్లు భర్తను అడిగింది. మూడుసార్లూ "చూద్దాం" అన్నాడు.

పరమేశ్వర్ చొక్కా వేసుకుని, స్కూటర్ తాళం తీసుకున్నాడు.

"బయటికి పోతున్న."

ఎక్కడికి అని ఆమె అడగలేదు. అడగడం మానేసి చాలా ఏళ్ళయింది.

పోలీసాయనకు ఇస్తున్నామని పుట్టింట్లో గొప్పగా చెప్పుకున్నారు. ఖాకీ చొక్కాకు గంజి ఎంత చిక్కగా పెట్టాలో పక్కింటి హెడ్ కానిస్టేబుల్ భార్యను అడిగి మరీ నేర్చుకుంది సుమన. పెళ్ళయిన రెండో ఏట ఆయన ఇంటెలిజెన్స్‌కు మారాడు. మళ్ళీ వెనక్కి రాలేదు. ఖాకీ జత ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య ఉండిపోయింది. ఎవరడిగినా కలెక్టరేట్లో నౌకరి అని చెప్పమన్నాడు. ఇంటి ఓనర్లకూ, పాప బడిలోనూ, కూరగాయల మనిషికీ అదే చెప్పింది. బోధన్‌లో అన్న కూడా ఆమె కోసం అదే చెప్పుకొచ్చాడు.

నిజం తెలిసిన చుట్టాలు నలుగురైదుగురు. మాక్లూర్‌లో పెళ్ళికి పోయినా, నందిపేట్‌లో కర్మకు పోయినా, ఆయన వచ్చి కూర్చోగానే వాళ్ళు వానల గురించి మాట్లాడటం మొదలుపెట్టేవాళ్ళు. పంక్తిలో ఆయన పక్క విస్తరి ఎప్పుడూ ఆఖరున నిండేది. ఆయనకు అది తెలుసో తెలియదో ఆమె కనిపెట్టలేకపోయింది. ముఖం చూసి ఏదీ కనిపెట్టలేకపోవడమే ఆయన పనితనమని పైవాళ్ళు మెచ్చుకునేవారట.

ఆయన రాసే కాగితం ఒకే ఒక్కసారి ఆమె కంటబడింది. ఇంటెలిజెన్స్‌కు మారిన కొత్తలో, దిండు సర్దుతుంటే. "విశ్వసనీయంగా తెలియవచ్చినది ఏమనగా" అని మొదలైంది. ఎవరికి తెలిసిందో, ఎవరి వల్ల తెలిసిందో అందులో లేదు. కాపురమంతా ఆ వాక్యం లాగే సాగిందని ఆమెకు అప్పుడప్పుడు అనిపించేది.

ఆయన దగ్గర కూర్చుని నవ్వుతూ మాట్లాడే మనిషి లోకంలో ఒక్కడే ఉండేవాడు. అది భీమన్నే.

స్కూటర్ చప్పుడు మూల తిరిగాక సుమన చీర మార్చుకుంది. అన్న గది తలుపు దగ్గర నిలబడి, దవాఖానకు పోయొస్తానని చెప్పింది. 

*

ఎడపల్లి దాటాక ఒకప్పుడు రోడ్డుకు రెండు వైపులా చెరుకు ఉండేది. సీజన్‌లో బండ్లు ఫ్యాక్టరీ గేటు దాకా వరుస కట్టేవి. బస్సు కాస్త నెమ్మదిస్తే పిల్లలు కిటికీలోంచి చేతులు చాచి గడలు గుంజేవాళ్ళు. ఇప్పుడంతా వరి. కండక్టరు కూడా కొత్త కుర్రాడు, ఫ్యాక్టరీ స్టేజీ అంటే ఏదని ఆమెనే అడిగాడు.

సుమన పుట్టింది ఆ క్వార్టర్లలోనే. సైరన్‌కు లేచి, సైరన్‌కు బడికి పోయి, సైరన్‌కు తిరిగొచ్చింది. ఇప్పుడు లైను పొడవునా గోడల మీద గడ్డి మొలిచింది. మనుషులున్న ఇళ్ళు సగం కూడా లేవు.

పోశయ్య ఇంటి ముందు అరుగు మీద ఆయన భార్య నాగవ్వ బీడీలు చుడుతోంది. ఒళ్ళో చాట, అందులో కత్తిరించిన తునికాకు, తంబాకు. సుమనను చూసి చాట పక్కకు పెట్టబోయింది, ఎందుకనో మళ్ళీ ఒళ్ళోనే ఉంచుకుంది. కూర్చోమని మాత్రం జరిగి చోటిచ్చింది.

పోశయ్య లోపల్నుంచి వచ్చాడు. "రా చెల్లె" అన్నాడు. మర్యాద తగ్గలేదు. చాయ్ పెట్టించాడు. శ్రీవాణి నౌకరి గురించి అడిగాడు. కార్డు దేవుడి పటాల పక్కన మేకుకు వేలాడుతోంది, దానికి కూడా బొట్టు పెట్టి ఉంది.

సుమన చాయ్ చల్లారేదాకా ఆగి, వచ్చిన పని చెప్పింది. అన్న వారం నుంచి మాట్లాడటం లేదనీ, మూడు సంతకాలు పెడితే మనిషి మళ్ళీ మనిషవుతాడనీ చెప్పింది. కార్డు వల్ల ఏదో వస్తుందని కాదు. ఈ లైన్లో తలెత్తుకుని నడవడానికి.

పోశయ్య కప్పు కింద పెట్టాడు.

"నేను సంతకం పెట్టనన్లే చెల్లె. బాయిలర్ కాడ ఆయనా నేనూ ఇరవై ఏండ్లు ఒక్క డబ్బల తిన్నం. నేను అడిగేది ఒక్కటే. ఆ పొద్దు జీపు ఆయన ఇంటి ముందల ఎందుకాగలే? గది చెప్పుమను. చెప్పిన రోజు నేను పెడ్త, ఇంకిద్దరితోని పెట్టిస్త."

"ఆయనకేం తెలుస్తది అన్నా, పోలీసోళ్ళు ఎందుకు రాలేదో?"

"తెల్వకుంటె ఎవలకు తెలుస్తది మరి?"

నాగవ్వ చేతిలో బీడీ చుట్టడం ఆగింది. "నేను ఈయనతోని ఎన్నోసార్లు కొట్లాడిన పిల్లా. భీమన్న అసుంటోడు కాదని. కాని నా కండ్లతోని చూసిన. జీపు వరుస పెట్టి ఆగుకుంట వచ్చింది. మీ అన్న తలుపు కాడికి రాంగనే స్లో గూడ కాలే. నేనేం చెప్పి ఈయన నోరు మూయాలె?"

మిగతాది ఆమె మెల్లగా చెప్పింది. పోశయ్య జైల్లో ఉన్న ఆరో రోజున ఆయన తల్లి, అంటే నాగవ్వ అత్త, పోయిందట. వెంట ఇద్దరు పోలీసులతో వచ్చి, రెండు గంటలు ఉండి, కొడుకు మళ్ళీ జైలుకు పోయాడట. శవాన్ని మోసినవాళ్ళలో ముందు భుజం భీమన్నదేనట. ఆ రోజు మనసుకు ఊరటగా ఉన్న ఆ భుజమే, తర్వాత తర్వాత పోశయ్యకు ముల్లయిందట. పట్టించినవాడే మోశాడేమోనని.

వచ్చేటప్పుడు నాగవ్వ మూల దాకా సాగనంపింది. "మీ ఆయన కలెక్టరాఫీసుల పెద్ద నౌకరేనాయె. గా కాయితాలన్ని ఆడనే ఉంటయట గద. ఎవలు పేర్లిచ్చిండ్రో జర సూడుమనరాదు? ఒక్కసారి తెలిస్తె ఈయన పానం చల్లబడ్తది."

"అడుగుత" అంది సుమన.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కలెక్టరాఫీసు అనే మాటను ఆమె ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు మోసిందో. ఇవాళ అది బరువుగా తగిలింది.

జీపు పేర్లున్న ఇళ్ళ ముందే ఆగుతుంది. పేర్లు ఎక్కడో ఒక కాగితం మీద ఉంటాయి. ఆ రోజుల్లో బోధన్ కాగితాలు రాసినవాడు ఎవరో ఆమెకు తెలుసు. బస్సు నిజామాబాద్ చేరేలోపు ఇంకేమీ ఆలోచించాల్సిన అవసరం లేకపోయింది.

*

పరమేశ్వర్ ఇంటి వెనక కుళాయి దగ్గర స్కూటర్ కడుగుతున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"బోధన్ పోయొచ్చినవా?"

"ఎట్ల తెలుసు?"

"కొంగుకు తంబాకు వాసనొస్తుంది."

ఎప్పుడూ అయితే ఆ మాటకు ఆమె విసుక్కునేది. ఇవాళ విసుగు కూడా రాలేదు.

"అన్న పేరు మీరు రాయలే కదా?" అంది.

ఆయన చేతిలోని మగ్గు ఆగింది.

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలూ చెప్పలే. ముప్పై ఏండ్ల నుంచి మీరడుగుతున్నరు, నేను చెప్తున్న. ఇయ్యాల ఒక్కదానికి మీరు చెప్పుండ్రి."

కుళాయి నీళ్ళు బకెట్ నిండి పొర్లుతున్నాయి. ఆయన కుళాయి కట్టేశాడు.

"రాయలే" అన్నాడు. "ఇరవై మూడు ఉండాల్సిన కాడ ఇరవై రెండు రాసిన. నీ అన్న గనక రాయలే. ఆయన జైలుకు పోతె నువ్వు నా ముఖం సూడవని రాయలే."

సుమన తులసి గద్దె అంచు పట్టుకుని కూర్చుంది. ఆయన ఆమె కోసం ఒక పని చేశాడు. ఉద్యోగం పోయే పని, తప్పుడు రిపోర్టు. చేసి, పధ్నాలుగేళ్ళు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజుల్లో ఎంత సంతోషపడేదో. ఒక్క క్షణం ఆయన తడి చేతులు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు, ఆ క్షణం దాటిపోయింది.

"మరి గదే పోయి పోశయ్యకు చెప్పుండ్రి. నా బావమరిది అని నేనే పేరు వదిలిన అని. గంతేగద ఆయన అడిగేది."

"చెప్తె నేనెవరో తెలుస్తది."

"తెల్వనీయుండ్రి. నాలుగు నెలలైతె రిటైరైతరు. ఇంక ఎవలకు దాస్తరు?"

"నేనెవరో తెలిసినంక పోశయ్య ఇంకో ప్రశ్న అడుగుతడు."

"ఏమని?"

పరమేశ్వర్ గుడ్డ తీసుకుని స్కూటర్ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం అప్పటికే శుభ్రంగా ఉంది. ఆమె చూస్తూ కూర్చుంది. రిటైర్మెంట్ ముందు మచ్చ పడుతుందని భయం కాబోలు అనుకుంది. ఆ మాట పైకే అంది. ఆయన కాదనలేదు. అవునని కూడా అనలేదు. అలా అనుకోనిస్తేనే నయమన్నట్టు తుడుస్తూ ఉండిపోయాడు.

ఆ రాత్రి ఆ ఇంట్లో నలుగురూ నాలుగు వేళల్లో తిన్నారు.

*

ఆదివారం శ్రీవాణికి సెలవు. పొద్దున్నే పోయి కోడికూర తెచ్చింది. మామకు ఇష్టమని తలకాయ, కాళ్ళు కూడా అడిగి తెచ్చింది. భీమన్న గది ముందు నిలబడి, "మామా, లేవకపోతే నీ కాలు డాడీకి పడ్తది" అని బెదిరించింది. గదిలోంచి చిన్న కదలిక వినబడింది. అదే పదివేలనుకుని వచ్చింది.

సుమన మసాలా నూరుతూ ఆ ఇంకో ప్రశ్న ఏమై ఉంటుందా అని ఆలోచిస్తోంది. నాగవ్వ మాట చెవిలో తిరుగుతోంది. ఎవలు పేర్లిచ్చిండ్రో జర సూడుమనరాదు.

రాసినవాడు ఈయన. నిజమే. ఈయనకు చెప్పినవాడెవడు?

చేయి ఆగిపోయింది.

రైలు పట్టాల మీదికి పోవడానికి రెండు రోజుల ముందు. భీమన్న ఏదో స్పేర్ పార్టు కోసం నిజామాబాద్ వచ్చి, మధ్యాహ్నం భోజనానికి ఈ ఇంటికే వచ్చాడు. ఆ రోజూ కోడికూరే. అన్న ఉత్సాహం మీద ఉన్నాడు. లైన్లో మొదటి ఇంటి నుంచి ఆఖరి ఇంటి దాకా ఎవరెవరు వస్తున్నారో వరుసగా చెప్పాడు. పోశయ్య డప్పు తెస్తానన్నాడనీ, ముత్తన్న పెళ్ళానికి చెప్పకుండా వస్తున్నాడనీ, ఫలానావాడికి భయమైనా ఇజ్జత్‌కు వస్తున్నాడనీ. ఒక్కొక్కరిని అనుకరిస్తూ నవ్వించాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ రోజు పరమేశ్వర్ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఎప్పుడూ ఐదు నిమిషాల్లో తిని లేచే మనిషి, గంటసేపు కూర్చున్నాడు. మధ్య మధ్య "ఇంకెవరు బావ?" అని కూడా అడిగాడు. తన అన్న మాటలు ఇంత ప్రేమగా వింటున్నాడని సుమన పొంగిపోయింది. ఆ పూట ఆమె కాపురంలో మంచి రోజుల్లో ఒకటిగా దాచుకున్నది. దిగులుగా ఉన్నప్పుడు తీసి చూసుకున్నది కూడా.

కుక్కర్ కూత వేస్తుంటే ఆమెకు వినబడలేదు. శ్రీవాణి వచ్చి స్టవ్ తగ్గించి, "అమ్మా, ఏమైంది?" అని అడిగింది. కళ్ళకు మసాలా ఘాటు తగిలిందని చెప్పింది.

*

భీమన్నకు కుర్చీలో కూర్చుని తినడం చేతకాదు. ఆయనున్నన్ని రోజులు అందరూ కిందే. సుమన చాప పరిచి నాలుగు పళ్ళేలు పెట్టింది, కాని తన దాని ముందు కూర్చోకుండా వడ్డిస్తూ నిలబడింది.

రెండు ముద్దలు తిన్నాక పరమేశ్వర్ గొంతు సవరించుకున్నాడు. రాత్రంతా పేర్చుకున్న మాటలని ఆమెకు అర్థమైంది.

"బావ, రేపు నేను నీతోని బోధన్ వస్త. నీ పేరు నేనే వదిలిన అని పోశయ్యకు చెప్త. నా నౌకరి సంగతి ఆయన ఒక్కనికే చెప్త. సంతకం పెడ్తడు."

శ్రీవాణి ముగ్గురి ముఖాలూ చూసింది. "ఏం పేరు? ఏడ వదిలినవ్?" అని అడిగింది.

భీమన్న కూరలో అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలిపి, తినకుండా, వారం తర్వాత మొదటిసారి మాట్లాడాడు.

"వద్దు బావ."

"ఎందుకు?"

"నా పేరెందుకు వదిలినవో చెప్తె, మిగిలిన ఇరవై ఇద్దరి పేర్లు నీకు ఎవలు చెప్పిండ్రని అడుగుతడు. ఏం చెప్తవ్?"

పరమేశ్వర్ పళ్ళెంలోకి చూస్తున్నాడు. ప్రశ్న విని తల దించుకోవడం ఆయనకు అలవాటు లేని పని. ఎలా దించుకోవాలో కూడా సరిగా తెలియనట్టుంది.

"నీకు తెలుసా అన్నా?" అంది సుమన.

"గా వారంలనే సమజైంది. జైలు కాడికి బువ్వ పట్టుకపోయొచ్చుకుంట సోచాయించిన. ఎవలెవలకు చెప్పిననా అని. అందరి పేర్లు ఒక్క తాన్నే చెప్పిన. గీడనే." ఆయన చాపను వేలితో తాకాడు. "బావ తప్పేం లేదు. ఆయన నౌకరి గది. నా నోరే మంచిది కాదు."

"తెలిసి, పద్నాలుగేండ్లు మా ఇంటికొచ్చి తిన్నవా?"

"చెల్లె ఇల్లాయె. రాకుంటె ఎందుకు రాలేదని నువ్వడుగుతవు. అడిగితె నేను చెప్పాలె."

సుమనకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత అన్న ఈ ఇంట్లో ఏం మాట్లాడాడో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పాత సైరన్, పాత బండ్లు, వానలు. ఆయన కూడా మాక్లూర్ చుట్టాల్లాగే వానల గురించే మాట్లాడాడు. తను గమనించలేదు. గమనించే మనిషి గమనించాడో లేదో, చెప్పలేదు.

శ్రీవాణికి మెల్లగా అర్థమవుతోంది. పళ్ళెం కొంచెం వెనక్కి జరుపుకుంది, తండ్రి వైపు నుంచి.

"దరఖాస్తు ఇయ్యనే ఇయ్య" అన్నాడు భీమన్న. "కార్డు లేకుంటె సావను. పోశయ్య అనుకునేది అనుకోనీ. అనుకున్నదాంట్ల సగం నిజమేనాయె. రేపటి సంది గీ ముచ్చట ఎత్తొద్దు ఎవలు. తినుండ్రి."

ఆ మాటకు పరమేశ్వర్ భుజాలు కిందికి దిగాయి. చాలా కొద్దిగా. ఇంకొకరెవరూ చూసి ఉండరు. ముప్పై ఏళ్ళు ఆ ముఖం చదవలేకపోయిన మనిషి, ఆ భుజాలను మాత్రం చదివింది. తప్పించుకున్నవాడి ఊపిరి అది.

సుమన గరిటె గిన్నెలో పెట్టింది. తన పళ్ళెం ముందు కూర్చుంది.

"రేపు పొద్దుగాల నేను బోధన్ పోతున్న" అంది. "నాగవ్వ అరుగు మీద కూసోని అంత చెప్త. మా ఆయన కలెక్టరాఫీసుల లేడని, ఏడ ఉన్నడో చెప్త. మా అన్న మా ఇంట్ల తినుకుంట మాట్లాడిండు, మా ఆయన విన్నడు, నేను వడ్డిచ్చిన అని చెప్త. ఆమె అత్త సంగతికి కాళ్ళు మొక్కుత. ఇగ సంతకం పెడ్తరో, తిట్టి ఎల్లగొడ్తరో వాళ్ళిష్టం."

"వద్దు చెల్లె" అన్నాడు భీమన్న. "నీ సంసారం సూస్కో."

"గదే సూస్కుంటున్న అన్నా."

పరమేశ్వర్ తలెత్తాడు. గొంతులో కోపం లేదు. ఆఫీసు ఫోనులో మాట్లాడే గొంతు అది, ఇంట్లో ఎప్పుడూ వాడనిది.

"సుమనా, నా నౌకరి సంగతి నువ్వు బయట చెప్తె నేను పైకి రాయాల్సొస్తది. ఎవలు చెప్పిండ్రు, ఎవలకు చెప్పిండ్రు, ఎందుకు చెప్పిండ్రు, అంత. రాయకుంటె అదొక తప్పు. రాస్తె ఆ పాత రిపోర్టు బయటికొస్తది. సమజైతుందా నీకు?"

"అయితుంది."

"అయినంక గూడ పోతవా?"

శ్రీవాణి తల్లిని చూస్తోంది. సుమన కూర వేసుకుంది, అన్నం కలుపుకుంది.

"పోత. మీరు రాయుండ్రి" అంది. "కాని ఈసారి ఎవరి పేరు వదలొద్దు. అన్నది రాయుండ్రి, నాది రాయుండ్రి. విన్నది మీరేనని మీది గూడ రాయుండ్రి."